పాడి గేదెల్లో జన్యు మార్కర్లు: ఆవుల దగ్గర దొరికిన గుర్తులు గేదెల దగ్గర ఎందుకు మూగబోతాయి

పెయ్య దూడగా ఉన్నప్పుడే దాని తోక వెంట్రుకల కుదుళ్లో, నాలుగు చుక్కల రక్తమో పరీక్షకు పంపి, అది ఈనిన తరువాత ఎన్ని పాలు ఇస్తుందో, ఆ పాలలో వెన్న ఎంత ఉంటుందో తెలుసుకోవచ్చా అన్న ప్రశ్న పాడి గురించి ఆలోచించే వారందరికీ ఏదో ఒక రోజు వస్తుంది. ఈ విషయం మీద వచ్చిన పరిశోధనలను చాలాకాలంగా చదువుతున్న మనిషిగా నేను చెప్పగలిగే సమాధానం ఇది. ఏదో ఒక జన్యువును చూసి చెప్పడం సాధ్యం కాదు. వేల గుర్తులను ఒకేసారి చూస్తే కొంతవరకు సాధ్యమే. అయితే ఆ కొంతవరకు కూడా, అదే జాతి గేదెల పాల లెక్కలను ఎవరో ఏళ్ల తరబడి శ్రద్ధగా రాసి పెట్టిన చోట మాత్రమే సాధ్యం. జన్యు పరీక్ష అనగానే అందరి దృష్టీ ప్రయోగశాల మీదికి వెళ్తుంది గాని, అసలు జ్ఞానం పాలు పితికే చోట పుడుతుందని నా గట్టి నమ్మకం.

మార్కర్ అంటే డీఎన్ఏలో ఒక జంతువుకు, మరో జంతువుకు తేడా కనిపించే చోటు. అది పొలిమేర రాయి వంటిది. రాయే ఊరు కాదు, ఊరు దగ్గరలో ఉందని మాత్రం చెబుతుంది. పాల దిగుబడి మీద ప్రభావం చూపే అసలు మార్పు ఎక్కడో పక్కన ఉండవచ్చు, లేదా అరుదుగా ఆ గుర్తే అసలు మార్పు కావచ్చు. ఏది ఎలా ఉన్నా ఒక షరతు తప్పనిసరి. ఆ చోట తేడా ఉండాలి. మందలో ఉన్న గేదెలన్నిటిలోనూ ఒకే అక్షరం ఉన్న చోటు, ఆ జన్యువు ఎంత గొప్పదైనా సరే, ఒక గేదెను మరో గేదె నుంచి వేరు చేయలేదు. ఇంత తేలికైన మాటను పట్టించుకోకపోవడం వల్ల గేదెల మీద జరిగిన పరిశోధనలో చాలా శ్రమ ఖర్చయింది.

అందుకు అందరికీ తెలిసిన ఉదాహరణ డీజీఏటీ1 అనే జన్యువు. పాల కొవ్వులో అధిక భాగం ట్రైగ్లిజరైడ్లే. వాటి తయారీలో చివరి మెట్టును నడిపే ఎంజైమును తయారుచేసే సమాచారం ఈ జన్యువులో ఉంటుంది. ఆవుల్లో ఇది 14వ క్రోమోజోము మీద ఉంది. 2002లో రెండు పరిశోధక బృందాలు, ఈ ఎంజైములో 232వ స్థానంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న ఆవుల పాలలో కొవ్వు శాతం ఎక్కువగానూ, అదే స్థానంలో అలనిన్ ఉన్న ఆవుల్లో పాల పరిమాణం ఎక్కువగానూ ఉంటాయని తేల్చాయి. డీఎన్ఏలో దీనికి కారణం పక్కపక్కన ఉన్న రెండు అక్షరాల మార్పు మాత్రమే. ఏఏజీ అన్న చోట జీసీజీ వచ్చింది, అంతే. పాడి పశువుల జన్యుశాస్త్రంలో ఇంత స్పష్టంగా, ఒక్క మార్పుకు ఇంత పెద్ద ఫలితం కనిపించిన సందర్భాలు చాలా తక్కువ. హోల్‌స్టీన్ అనే ఐరోపా పాడి జాతి ఆవుల్లో రెండు రూపాలూ ఉన్నాయి గనుక అక్కడ ఈ గుర్తు అక్కరకు వచ్చింది.

ఆ ఉత్సాహంతోనే గేదెల్లోనూ వెతికారు. భారతీయ గేదె జాతులను పరిశీలించినప్పుడు అన్నిటిలోనూ లైసిన్ రూపమే కనిపించింది. మన నాటు ఆవు జాతుల్లోనూ దాదాపు ఇదే పరిస్థితి. ఆవు పాలలో కొవ్వు మామూలుగా మూడున్నర నుంచి నాలుగున్నర శాతం దాకా ఉంటే గేదె పాలలో ఏడెనిమిది శాతం ఉండడానికి ఈ రూపం కొంత తోడ్పడి ఉండవచ్చు. కాని పూర్తి కారణం అదే కాదు. లైసిన్ రూపమే ఉన్న ఆవుల పాలు గేదె పాలంత చిక్కగా ఉండకపోవడమే అందుకు సాక్ష్యం. పెంపకందారు దృష్టిలో చూస్తే ఫలితం ఇంకా సూటిగా ఉంటుంది. ప్రపంచంలోకెల్లా పేరున్న పాల జన్యు గుర్తు, గేదెల మంద ముందు నిలబడి అన్నిటికీ ఒకే సమాధానం చెబుతుంది.

కప్పా కేసిన్ విషయంలోనూ ఇదే జరిగింది. పాలు విరిగి గడ్డకట్టే తీరును నిర్ణయించే ప్రోటీన్లలో ఇది ముఖ్యమైనది. ఆవుల్లో దీనికి ఏ, బీ అని రెండు ప్రధాన రూపాలున్నాయి. బీ రూపం ఉన్న పాలు త్వరగా, గట్టిగా గడ్డకట్టి చీజ్ ఎక్కువ ఇస్తాయి. వీటిని గుర్తించే పద్ధతి జన్యు ప్రయోగశాలల్లో విద్యార్థులకు మొదట నేర్పే వాటిలో ఒకటి. జన్యువులోని ఆ ముక్కను పీసీఆర్ ద్వారా కోట్ల ప్రతులుగా పెంచి, హింద్‌త్రీ అనే కత్తిరింపు ఎంజైము కలిపి కొన్ని గంటలు వెచ్చగా ఉంచి, జెల్ అనే మెత్తటి పలక మీద విద్యుత్తుతో నడిపించి ముక్కలను పొడవును బట్టి విడదీస్తారు. ఏఏజీసీటీటీ అనే ఆరు అక్షరాల వరుస ఎదురైతేనే ఆ ఎంజైము డీఎన్ఏను కోస్తుంది. బీ రూపంలో ఆ వరుస ఉంది గనుక ముక్క రెండుగా తెగి రెండు గీతలు కనిపిస్తాయి. ఏ రూపంలో ఒక అక్షరం తేడా వల్ల ముక్క తెగక ఒకే గీత మిగులుతుంది. రెండు రూపాలూ ఉన్న జంతువుకు మూడు గీతలు వస్తాయి. చూడడానికి ఎంతో ముచ్చటైన పరీక్ష ఇది. గేదెల నమూనాలు పెట్టినప్పుడు మాత్రం జెల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ప్రతి వరుసలోనూ అవే రెండు గీతలు వచ్చాయి. అన్నీ బీ రూపమే. గేదెల కప్పా కేసిన్‌లో తేడా లేకపోలేదు. 135వ స్థానంలో కొన్నిటిలో త్రియోనిన్, కొన్నిటిలో ఐసోల్యూసిన్ ఉంటాయి. ఆవుల కోసం తయారైన ఆ కత్తెర ఈ చోటును ముట్టుకోదు. గేదెను గేదెగా చదివితే తప్ప ఈ తేడా బయటపడదు.

ఏ2 పాల గురించి కూడా ఇక్కడే ఒక మాట. బీటా కేసిన్ ప్రోటీన్‌లో 67వ స్థానంలో హిస్టిడిన్ ఉంటే ఏ1, ప్రోలిన్ ఉంటే ఏ2. ఆ తేడా ప్రధానంగా ఐరోపా ఆవు జాతులకు సంబంధించినది. గేదెలు దాదాపు అన్నీ ప్రోలిన్ రూపం కలవే. కాబట్టి గేదెకు ఏ2 పరీక్ష చేయించడం వల్ల పెంపకానికి పనికొచ్చే కొత్త సమాచారం ఏమీ రాదు.

ఇలా జరగడం వెనుక ఉన్న కారణం గమనించదగినది. ఆవు, గేదె ఒకే కుటుంబానికి చెందినవైనా వేరు వేరు ప్రజాతులు. ఆవుకు 60 క్రోమోజోములు, పాడికి పెంచే నది గేదెకు 50, తూర్పు ఆసియాలో పొలం పనులకు ఎక్కువగా వాడే చిత్తడి గేదెకు 48. ఆవులో విడివిడిగా ఉన్న క్రోమోజోములు నది గేదెలో ఐదు జతలుగా అతుక్కోవడం వల్ల ఈ సంఖ్య తగ్గింది. జన్యువుల వరుస చాలావరకు అలాగే నిలిచింది. ఆవులో 6వ క్రోమోజోము మీద గుంపుగా ఉన్న నాలుగు కేసిన్ జన్యువులు గేదెలో 7వ దాని మీద అదే గుంపుగా కనిపిస్తాయి. ఆ విధంగా ఒక జన్యువు ఎక్కడ ఉందో వెతకడానికి ఆవు పటం గొప్పగా ఉపకరిస్తుంది. ఆ జన్యువులో అక్షర భేదాలు మాత్రం రెండు ప్రజాతులూ విడిపోయిన తరువాత ఎవరి దారిలో వారికి పుట్టినవి. వేల గుర్తులను ఒకేసారి చదివేందుకు ఆవుల కోసం తయారుచేసిన చిప్పుల మీద గేదె డీఎన్ఏను చదివిస్తే అందులో చాలా కొద్ది భాగం చోట్లలోనే తేడా కనిపించడానికి కారణం ఇదే.

అందుకే గేదెకు సొంత సాధనాలు అవసరమయ్యాయి. అంతర్జాతీయ గేదె జన్యు సమాఖ్య కృషితో ఆక్సియమ్ పేరిట సుమారు 90 వేల గుర్తులున్న చిప్పు వచ్చింది. అందులోని గుర్తులను ముర్రా, జాఫరాబాది, నీలి-రావి, మధ్యధరా గేదెల డీఎన్ఏ నుంచి ఏరారు. ఇటలీకి చెందిన ఒలింపియా అనే గేదె డీఎన్ఏతో తయారైన జన్యు పటం 2019 నాటికి క్రోమోజోము స్థాయికి చేరి, ఆవు పటంతో సమానంగా నమ్మదగినదయింది. మన దేశంలోనూ గేదెల కోసం ప్రత్యేకంగా మహిష్ చిప్ తయారైంది. 2019 పశుగణన ప్రకారం 10.98 కోట్ల గేదెలున్న దేశానికి ఇది ఎప్పుడో రావలసిన సాధనం. ఆలస్యంగానైనా వచ్చినందుకు నాకు నిజంగా సంతోషంగా ఉంది.

అయితే చిప్పు వచ్చినంత మాత్రాన పాత అలవాట్లు పోవు. వందో రెండు వందలో గేదెలను తీసుకొని, లెప్టిన్ అనో, ప్రోలాక్టిన్ అనో, పెరుగుదల హార్మోను గ్రాహకం అనో ఒక జన్యువును ఎంచుకొని, ఫలానా రూపం ఉన్న గేదెలు ఎక్కువ పాలు ఇచ్చాయని ప్రకటించే చిన్న చిన్న అధ్యయనాలు కొల్లలుగా ఉన్నాయి. ఆ జన్యువులు పాల ఉత్పత్తిలో పాల్గొనేవే, అందులో అబద్ధం లేదు. చిక్కు సంఖ్యలో ఉంది. పాల దిగుబడి మీద ఒక్కో జన్యువు ప్రభావం చాలా స్వల్పం. అంత స్వల్పమైన తేడాను రెండు వందల గేదెల్లో పట్టుకోవడం కష్టం. పట్టుకున్నట్టు కనిపించినప్పుడు అది చాలాసార్లు ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. ఆ రూపం ఉన్న గేదెలన్నీ ఒకే దున్నపోతు కూతుళ్లయితే, మనం చూస్తున్నది ఆ జన్యువు ప్రభావమా, ఆ దున్న మిగతా జన్యువులన్నిటి ప్రభావమా అన్నది విడదీయలేము. మరో మందలో, మరో రాష్ట్రంలో మళ్లీ చూసి అదే ఫలితం వచ్చేదాకా అటువంటి గుర్తును ఎంపికకు వాడకూడదని నా అభిప్రాయం. ఇటలీ గేదెల్లో ఓలియిక్ ఆమ్లం తయారీకి తోడ్పడే ఎస్‌సీడీ జన్యువు మీద జరిగిన పని ఆశాజనకమైనదే. స్టియరిక్ ఆమ్లాన్ని ఓలియిక్‌గా మార్చే ఎంజైము ఏమిటో, అది ఎక్కడ పనిచేస్తుందో ముందే తెలుసు గనుక కార్యకారణ సంబంధం అక్కడ స్పష్టంగా ఉంది. అటువంటి చోట్ల ఒక్కో జన్యువు మీద దృష్టి పెట్టడం సబబే.

పాల పరిమాణం వంటి లక్షణానికి ఆ దారి చాలదని పశు జన్యుశాస్త్రం 2001 నుంచే చెబుతోంది. ఆ సంవత్సరం మ్యూవిసెన్, హేస్, గొడ్డార్డ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు, ముఖ్యమైన జన్యువులను ఏరే పని మానేసి జన్యు పటం అంతటా పరచుకున్న వేల గుర్తులకు ఒకేసారి కొద్దికొద్దిగా విలువ కట్టి, అన్నిటినీ కూడితే జంతువు జన్యు విలువను ఊహించవచ్చని ప్రతిపాదించారు. అమెరికాలో 2009 నుంచి హోల్‌స్టీన్ ఆబోతుల ఎంపిక అధికారికంగా ఈ పద్ధతిలోకి మారింది. గేదెలకు దీని అవసరం ఆవులకన్నా ఎక్కువ అని నేనంటాను. దున్నపోతు పాలివ్వదు. దాని విలువ తెలియాలంటే దాని కూతుళ్లు పాలివ్వాలి. దున్న వీర్యానికి ఎదగడానికి రెండున్నర మూడేళ్లు, గేదె చూడి కాలం పది నెలలకు పైగా, పుట్టిన పెయ్య పడ్డయి మొదటి ఈత ఈనడానికి మూడున్నర నుంచి నాలుగేళ్లు, ఆ ఈత పాలను కొలవడానికి మరో పది నెలలు. ఇవన్నీ కలిపితే దున్న మంచిదో కాదో తేలేసరికి ఎనిమిదేళ్లు గడుస్తాయి. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన రెండు దున్న దూడలకు వంశావళి ఒకే అంచనా చెబుతుంది. నిజానికి అవి తల్లిదండ్రుల నుంచి వేర్వేరు భాగాలను పొంది ఉంటాయి. ఏది ఏ భాగం పొందిందో పుట్టిన వారంలోనే చెప్పగలిగేది మార్కర్లు మాత్రమే. ఈ ఒక్క ప్రయోజనం కోసమైనా ఈ శాస్త్రాన్ని ఆదరించాలి.

ఇక్కడే నేను మొదట చెప్పిన విషయానికి వస్తున్నాను. వేల గుర్తులకు విలువ కట్టేది ఎవరు? గుర్తులూ తెలిసి, పాల లెక్కలూ తెలిసిన కొన్ని వేల గేదెలు. వాటిని ఆధార మంద అంటారు. గేదె పాల దిగుబడిలో కనిపించే తేడాలో జన్యువుల వాటా దాదాపు పావు వంతు అటూ ఇటూ. మిగిలినదంతా మేత, ఈనిన కాలం, ఎండ, ఆరోగ్యం, పోషించే చేతులు. ఆ ముప్పావు భాగపు సందడిలోంచి పావు భాగాన్ని వినాలంటే కొలత నిక్కచ్చిగా ఉండాలి. కొలత అంత తేలికైన పని కాదు. గేదె పొదుగులో పితకడానికి సిద్ధంగా దిగువ గదిలో నిలిచి ఉండే పాలు సుమారు 5 శాతమే. ఆవుల్లో అది 20 శాతం దాకా ఉంటుంది. మిగిలిన పాలన్నీ చేపు వస్తే తప్ప దిగవు. దూడ పోయిన గేదె, కొత్త మనిషి కూర్చుంటే బెదిరే గేదె, ఆ పూట చేపకపోతే దాని జన్యువుల తప్పు లేకుండానే పుస్తకంలో తక్కువ అంకె పడుతుంది. చేపు కోసం దూడకు వదిలిన పాలు లెక్కలోకి రావు. నమూనా తీసే తీరులోనూ ఇంతే జాగ్రత్త కావాలి. మొదటి ధారల్లో కొవ్వు తక్కువ, చివరి పాలలో చాలా ఎక్కువ. పూర్తిగా పితికి, కుండలోని పాలను బాగా కలిపి నమూనా తీయకుండా ముందే సీసా నింపుకుంటే ఎనిమిది శాతం వెన్న ఉన్న గేదె ఆరు శాతంగా నమోదు కావచ్చు. అటువంటి నమూనాలు పదివేలు పోగుచేసినా వాటి నుంచి కట్టిన మార్కర్ విలువలు గాలిలో దీపాలే. నెలకొకసారి, పొద్దునా సాయంత్రమూ, ఈనిన నాటి నుంచి వట్టిపోయేదాకా కొలిచి రాసే మనిషి పని, 90 వేల గుర్తులను చదివే యంత్రం పనికి ఏమాత్రం తీసిపోదు. చిప్పుకు నిధులు దొరికినంత తేలికగా ఆ కొలతకు నిధులు దొరకకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

ఒకటి రెండు గేదెలే ఉండే ఇళ్లలో పోలిక కూడా చిక్కే. పెద్ద మందలో ఒకే మేత తిని ఒకే కాలంలో ఈనిన పది గేదెలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు. చిన్న కొట్టాల్లో ఆ అవకాశం లేక ఊరినో, కొన్ని ఊళ్లనో కలిపి ఒక గుంపుగా చూడవలసి వస్తుంది. జన్యు గుర్తులు ఇక్కడ మేలు చేస్తాయి. వేర్వేరు ఊళ్లలోని గేదెల మధ్య కాగితం మీద లేని బంధుత్వాన్ని డీఎన్ఏ చూపిస్తుంది గనుక, ఎక్కడెక్కడో ఉన్న గేదెల లెక్కలను ఒకదానితో ఒకటి ముడిపెట్టడం వీలవుతుంది. తండ్రి ఎవరన్నది తేల్చడం కూడా అలాంటిదే. కృత్రిమ గర్భధారణ రసీదులో ఒక దున్న సంఖ్య ఉండి, నిజంగా కట్టింది ఊరి దున్న అయిన సందర్భాలు ప్రతి నమోదు పథకంలోనూ ఉంటాయి. కొన్ని వందల గుర్తులు చాలు, ఆ తప్పు బయటపడుతుంది. పాలు ఎన్ని వస్తాయో చెప్పడం కన్నా తండ్రి ఎవరో చెప్పడంలోనే మార్కర్లు నేటికి ఎక్కువ నమ్మకంగా పనిచేస్తాయి. దాన్ని చిన్న ప్రయోజనంగా చూడకూడదు.

దేనికోసం ఎంచుకుంటున్నామన్నది కూడా ముందే తేల్చుకోవాలి. పాల పరిమాణం పెరిగేకొద్దీ కొవ్వు శాతం తగ్గడం జన్యుపరంగానే ఉన్న ధోరణి. ఇటలీ పెంపకందారులు గేదె పాలను దాదాపు పూర్తిగా మొజరెల్లా చీజ్‌కు వాడతారు గనుక ఈ పేచీని ఒక సూత్రంతో తీర్చుకున్నారు. ప్రోటీన్ శాతాన్ని 3.5తో, కొవ్వు శాతాన్ని 1.23తో హెచ్చవేసి, రెంటినీ కూడి, అందులోంచి 0.88 తీసేస్తే నూరు కిలోల పాలకు ఎన్ని కిలోల చీజ్ వస్తుందో తెలుస్తుంది. ప్రోటీన్ 4.6, కొవ్వు 8 శాతం ఉన్న పాలకు ఇది సుమారు 25 కిలోలు. కొవ్వు అర శాతం పెరిగితే మరో 600 గ్రాములు చేరుతుంది. ప్రోటీన్ అర శాతం పెరిగితే కిలో ముప్పావు చేరుతుంది. పాలకు కొవ్వును బట్టే వెల కట్టే చోట ప్రోటీన్‌ను కొలిచేవారు ఉండరు. కొలవని లక్షణానికి ఏ చిప్పూ విలువ కట్టలేదు. కేసిన్ జన్యువుల్లో గేదెలకు సొంతమైన తేడాలున్నాయని తెలిసి కూడా వాటిని వాడుకోలేకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

చివరగా భదావరి వంటి జాతుల సంగతి. భదావరి గేదె పాలు తక్కువ ఇస్తుంది గాని ఆ పాలలో వెన్న మిగతా జాతులన్నిటినీ మించి ఉంటుంది. కొన్ని గేదెల్లో అది 13 శాతం దాకా నమోదైంది. గేదెల్లో కొవ్వును శాసించే జన్యువులు ఏవో తెలుసుకోవాలంటే డీజీఏటీ1 దగ్గర ఆగిపోకుండా వెతకవలసిన చోటు ఇదే. ఆక్సియమ్ చిప్పు మీది గుర్తులను ఏరినప్పుడు భదావరి గాని, నీలగిరుల్లోని తోడా గాని ఆ నాలుగు జాతుల్లో లేవు. ముర్రాలో తేడా చూపించే చోట్ల భదావరిలో తేడా లేకపోవచ్చు. భదావరికి ప్రత్యేకమైన తేడాలు చిప్పు మీద అసలు లేకపోవచ్చు. ఆవు చిప్పు మీద గేదెకు ఏ అన్యాయం జరిగిందో, పెద్ద జాతుల చిప్పు మీద చిన్న జాతులకు కొద్ది పాళ్లలో అదే జరిగే ప్రమాదం ఉంది. ఆ జాతి గేదెలు తగ్గిపోకముందే వాటి డీఎన్ఏను పూర్తిగా చదివించాలి. దానితో పాటే వాటి పాలను నెలనెలా, పూట పూటా, కొవ్వూ ప్రోటీనూ రెండూ కొలిచి రాయాలి. ఈ రెంటిలో రెండోదే ముందు మొదలు కావాలి. దాచిన రక్త నమూనాను పదేళ్ల తరువాతైనా చదివించవచ్చు గాని, కొలవకుండా గడిచిపోయిన ఈత పాలను మళ్లీ కొలవడం ఎవరివల్లా కాదు.